ముందు జవాబు, తర్వాత కారణాలు

ఆ పరీక్షలో నేను మొదటిసారి తప్పిన సంగతి మా ఇంట్లో అందరికన్నా ముందు నాకే తెలిసింది. అందరికన్నా తక్కువ బాధపడ్డదీ నేనే. గోడకు అంటించిన కాగితంలో నా నంబరు లేదు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసి, పక్కనున్న బండి దగ్గర చాయ్ తాగి, మా ఇల్లున్న గౌలిపురాకు నడిచి వచ్చాను. దారి పొడుగునా ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి ఆ కాలు మనది కానట్టు ఉంటుంది కదా, లోపలంతా అట్లా ఉంది. ఏడాది దాకా ఆ తిమ్మిరి వదలలేదు.

ఇది యాభైల నడిమి ఏళ్ళ మాట. మెట్రిక్ అయినవాళ్ళు యూనివర్సిటీ మెట్లు ఎక్కకముందే రాసే న్యాయ పరీక్ష అది. నెగ్గితే లా చదువుకు దారి దొరుకుతుంది, లేకపోతే లేదు. రెండుసార్లు మాత్రమే రాయనిచ్చేవాళ్ళు. అంటే నాకు మిగిలింది ఒక్కసారి. అదీ పోతే నాకోసం కాచుకొని ఉన్నది కోర్టు వరండాలో మా బాపు చాప మీద ఆయన పక్కన చోటు. ఆ చాప మీద ఇద్దరికి సరిపడా పని లేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

బాపు అర్జీనవీసు. చదువురాని వాళ్ళు కోర్టుకు వస్తే వాళ్ళ గోడు విని, హాకిం, అంటే జడ్జి, చదవదగిన అర్జీగా రాసిచ్చే పని ఆయనది. మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక చిన్న కోర్టు ఉండేది. దాని ముందు వరండాలో ఆరుగురు అర్జీనవీసులు వరుసగా కూర్చునేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక చాప, ఏటవాలు మూత ఉన్న ఒక డెస్కు. బాపు పక్క చాప ఒక తురక పెద్దాయనది. ఆయనను మా ఇంట్లో అందరం చాచా అనేవాళ్ళం. ఉర్దూలో బాపు చేతిరాతకు పేరుండేది. ఆయన రాసిన అర్జీ అయితే హాకింలు చివరిదాకా చదువుతారని మిగతా అయిదుగురూ ఒప్పుకునేవాళ్ళు. అయితే అవి కోర్టుల్లో ఉర్దూ వెళ్ళిపోయి ఇంగ్లీషు వచ్చి కూర్చుంటున్న రోజులు. వరండా అవతలి కొసన ఇద్దరు టైపు మిషన్ల వాళ్ళు దిగారు. బాపు ముందు నిలబడే మనుషులు తగ్గుతూ వచ్చారు. బాపుకు ఇంగ్లీషు రాదు. కొడుక్కు వస్తే చాలునని ఆయన అనుకున్నాడు. చుట్టాలు అప్పటికే నన్ను వకీల్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. అమ్మ మాత్రం ఒక్కనాడూ అట్లా పిలవలేదు.

నేను తప్పడానికి కారణం చదవకపోవడం కాదు. చదివాను. రాయడం నేర్పింది బాపు, అక్కడ వచ్చింది చిక్కు.

అర్జీకి ఒక నడక ఉంటుంది. 'గరీబ్ పర్వర్ సలామత్' అని మొదలుపెట్టాలి, పేదల్ని సాకే దొరా, చల్లగుండు అని. తర్వాత అర్జీదారు ఎవరు, తండ్రి ఎవరు, ఎంత వయసు, ఎప్పటినుంచి ఈ ఊళ్ళో ఉన్నాడు. ఆ తర్వాత కష్టం. కష్టం తర్వాత పిల్లలు. అన్నిటికన్నా చివర, అడగవలసిన ముక్క. దాని కింద, యుక్తమని తోచి మనవి చేసుకున్నాను అని ముగింపు. నా చిన్నప్పటినుంచి బాపు ఇదే చెప్పేవాడు. "అడిగేది ఆఖర్ల అడగాలె బిడ్డా. మొదలే అడిగితే హాకిం కాయితం కింద వెట్టేస్తడు. గుండె జెర మెత్తవడ్డంక అడుగు." అక్షరాలతో పాటే ఆ నడక నా చేతికి వచ్చింది. ఇంగ్లీషులో రాసినా నా చెయ్యి అర్జీయే రాసేదని నాకు తెలియలేదు.

పరీక్ష తప్పిన నెల రోజులకు, నది అవతల ఉన్న ఒక రీడింగు రూములో నాకు ఆ పుస్తకం కనబడింది. పుస్తకం అంటే పెద్ద మాట, పదకొండు పేజీలు. పరీక్ష అయిపోయాక, జవాబులు దిద్దిన పెద్ద పరీక్షకుడు అభ్యర్థులు ఎక్కడెక్కడ తప్పు చేశారో రాసి అచ్చు వేయించేవాడట. అట్లాంటిది ఒకటి ఉంటుందని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇంటికి తీసుకుపోనివ్వరు. మూడు రోజులు అక్కడే కూర్చుని మొత్తం నకలు రాసుకున్నాను.

ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. రాసిన తీరు చూస్తే చాలా కాగితాలు దిద్ది విసిగిపోయిన మనిషి అనిపించింది. ప్రశ్నకు జవాబు మొదటి వాక్యంలో చెప్పండి, కారణాలు తర్వాత చెప్పండి అన్నాడు. ప్రశ్నలో లేని సంగతులు చేర్చకండి, ఉన్నవాటిని వదలకండి అన్నాడు. ఎవరి మీద జాలి పడాలో నేను అడగలేదు, ఎవరికి హక్కు ఉన్నదో అడిగాను అన్నాడు. రెండో రోజు ఆరో పేజీ రాసుకుంటూ ఉండగా నాకు నేను ఎదురుపడ్డాను.

ఆ యేడు ప్రశ్నల్లో ఒకటి ఇది. ఒకతను జాలిపడి ఒక వితంతువుకు ఆవును ఇస్తానని మాట ఇచ్చాడు. తర్వాత ఇవ్వనన్నాడు. ఆమె కోర్టుకు పోయి ఆ ఆవును రాబట్టుకోగలదా? పరీక్షకుడు ఇట్లా రాశాడు. 'ఆవు ఇస్తానన్న మాటకు ఆమె నుంచి ప్రతిఫలం ఏదీ లేదు. కాబట్టి ఆ మాటను కోర్టు నెరవేర్పించదు. జవాబు ఇంతే. ఒక అభ్యర్థి ఈ వితంతువుకు నలుగురు పిల్లల్ని ఇచ్చాడు. చిన్నవాడికి జ్వరం కూడా తెప్పించాడు. రెండు పేజీల చివర ఆ ఆవును ఇప్పించవలసిందని నన్ను వేడుకున్నాడు. నా దగ్గర ఆవు లేదు.'

ఆ నలుగురు పిల్లలూ నావాళ్ళు. జ్వరం కూడా నేను తెప్పించిందే. సిగ్గుపడవలసిన చోటు అని తెలుసు కానీ సిగ్గు రాలేదు. ఆ పేరా కూడా మిగతావాటిలాగే తప్పు లేకుండా రాసుకుని ఏడో పేజీ తిప్పాను.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని బాపుకు మొత్తం తెలుగులో చెబుతూ చదివాను. ఎదురింట్లో పాలమ్ముకునే గౌలీల బర్రెలు సందులోకి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్క బర్రె పోయేదాకా ఆగి మళ్ళీ అందుకోవలసి వచ్చేది. ఆవు దగ్గరికి వచ్చినప్పుడు దాటేద్దామా అనుకోలేదు. అట్లా అనుకోవాలంటే లోపల ఏదో మెదలాలి. ఉన్నది ఉన్నట్టు చదివాను.

బాపు నా చేతిలోని కాగితం వైపు వంగాడు. "నా దగ్గర ఆవు లేదన్నడా?" అని అడిగాడు.

"అన్నడు."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు బాపు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "మంచి అర్జీ రాసినవ్ బిడ్డా. హాకిం అయితుంటే ఆవు ఇప్పిస్తుండె" అన్నాడు. మళ్ళీ తానే, "తప్పు నీది కాదు. నాకు ఎర్కున్నది నేర్పిచ్చిన. అర్జీ ఏరు, జవాబు ఏరు. మల్ల మొదటికెల్లి చదువు" అన్నాడు.

మూడుసార్లు చదివించాడు. మూడోసారి ఒక పాత ఫారం వెనక తన అందమైన ఉర్దూ రాతలో తనకోసం రాసి పెట్టుకున్నాడు, ముందు జవాబు, తర్వాత కారణాలు, లేనిది చేర్చొద్దు, జాలి వద్దు అని. ముప్పై ఏళ్ళ దగ్గర దగ్గర జాలి రాసి బతికిన మనిషి ఆ నాలుగు ముక్కలూ రాసుకుని తలాడించాడు. మా బాపుది ఒక గుణం. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కాదు. తనకు తెలియనిది ఇంకొకడు చెప్పాడంటే ఆ మనిషి ముఖం చూడకపోయినా నమ్మేవాడు.

మర్నాటి నుంచి మా పని మారిపోయింది. నేను పగలంతా పుస్తకాలు చదివేవాణ్ణి. సాయంత్రం బాపు వచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని ఒక ప్రశ్న వేసేవాడు. ఆ ప్రశ్నలు ఆయన పాత అర్జీల్లోవి. ఆయనకు కొన్ని వందల అర్జీలు నోటికి వచ్చు. వాటిలోంచి కన్నీళ్ళన్నీ పిండేసి ప్రశ్న ఒక్కటి నా ముందు పెట్టేవాడు. పక్కింటి వేపచెట్టు కొమ్మ మన గోడ మీదికి వస్తే నరకవచ్చా? నరకవచ్చు, మన హద్దు దాటి వచ్చినంత మేరకు. పెళ్ళికి కుట్టుమిషన్ ఇస్తానన్న మేనమామ ఇవ్వకపోతే? అడగడానికి హక్కు లేదు, ఉత్త మాట. తప్పిపోయి వచ్చిన బర్రెను నాలుగు నెలలు మేపినవాడు, సొంతదారు వస్తే ఊరికే ఇచ్చెయ్యాలా? అక్కర్లేదు, మేపిన ఖర్చు ఇచ్చేదాకా ఆపుకోవచ్చు.

ఆ బర్రె దగ్గర అమ్మ లోపలినుంచి అందుకుంది. ఆ బర్రె ఎవరిదో, మేపింది ఎవరో ఆమెకు తెలుసు. "గా ముండాకొడుకు పాలు పిండుకుని తాగిండు గద నాలుగు నెలలు. గది చెప్పవేం?" అంది.

"ప్రశ్నల లేదు" అన్నాన్నేను.

"ప్రశ్నల లేకుంటే పాలు లేకుండ వోతయా?" అంది అమ్మ. బాపు నవ్వాడు కానీ మార్కు నాకే వేశాడు. ఆయన మార్కులు వేలి గణుపుల మీద లెక్కపెట్టేవాడు. మొదటి వాక్యంలో జవాబు రాకపోతే మార్కు లేదు. అయ్యో, పాపం లాంటి మాట దొర్లితే ఉన్న మార్కు తీసేసేవాడు.

నాకు ఆ పని సులువుగా వచ్చింది. ఇంత సులువుగా రావడం మంచిదేనా అని కూడా నేను ఆలోచించలేదు. జాలి వదిలెయ్యమని చెబితే మిగతా అభ్యర్థులకు కష్టమై ఉంటుంది. నా దగ్గర వదలడానికి ఏమీ మిగిలిలేదు. వేసవిలో ఒకరోజు ఎదురింటి గౌలీ కోడలు ఏడుస్తూ వచ్చింది. భర్త పోయి అప్పటికి ఏడాది కాలేదు. కొట్టంలో ఒక బర్రెను భర్త నీదేనని ఆమెతో చెప్పేవాడట, బావ ఇప్పుడు కాదంటున్నాడట. నాకు చట్టం తెలుసని అడగడానికి వచ్చింది. కాగితం ఉన్నదా, ఎవరి ముందరన్నా అన్నాడా అని రెండు ప్రశ్నలు అడిగి, "నీకు హక్కు లేదు" అన్నాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

"ఏడ్సేదానికి గట్లనేనా చెప్పుడు?" అంది అమ్మ. "కూసోమనలే, మంచినీళ్ళియ్యలే."

"అడిగినదానికి చెప్పిన."

అమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కొత్త కుండ కొని ఇంటికి తెచ్చాక తట్టి చూసినట్టు చూసింది. చెంబుతో నీళ్ళు తీసుకుని ఎదురింటికి తానే పోయింది.

పరీక్ష మూడు వారాలు ఉందనగా బాపు ఒకరోజు తొందరగా ఇంటికి వచ్చాడు. ఎండ ఇంకా గోడల మీద ఉంది. కాళ్ళు కడుక్కోలేదు. అరుగు మీద కూర్చుని, తువ్వాలతో మెడ తుడుచుకుని, "ఒకటి అడుగుత, చెప్పు" అన్నాడు.

"అడుగు బాపు."

"ఒకడున్నడు. సర్కారు జాగల, ఒక వరండల కూసోని పని చేసుకుంటడు. ఇర్వై ఆరేండ్ల సంది. ఇప్పుడు కొత్త హాకిం లెవ్వుమంటుండు. వానికి హక్కున్నదా?"

"కిరాయి కట్టిండా?"

"లేదు."

"కాయితం ఏమన్న ఉన్నదా?"

"లేదు. గప్పటి హాకిం నోటి మాట. కూసో, ఎవ్వలకు అడ్డం లేవు గద అన్నడు. ఆయన సచ్చిపోయి చానేండ్లయింది."

"హక్కు లేదు" అన్నాను. మొదటి వాక్యంలోనే. తర్వాత కారణాలు చెప్పాను. అది అనుమతి మాత్రమే, జాగా మీద హక్కు కాదు. ఇచ్చినవాళ్ళు ఎప్పుడైనా వెనక్కు తీసుకోవచ్చు.

"ఇర్వై ఆరేండ్లు కూసున్నడు. గది లెక్కకు రాదా?"

"రాదు. ఎన్నేండ్లు కూసున్నా అనుమతి అనుమతే."

బాపు వేలి గణుపు ఒకటి మడిచాడు. "మరి లెవ్వుమన్నంక గడువు ఏమన్న ఇస్తరా?"

"ఇయ్యాలె. సామాను తీసుకొని పోయేటందుకు తగినంత గడువు."

"తగినంత అంటే?"

"గది సామాను బట్టి ఉంటది. వానికి ఏమున్నది సామాను?"

"చాప. డెస్కు."

"అయితే ఒక్క దినం చాలు" అన్నాను.

తెలియలేదు అంటే అబద్ధం. చాప, డెస్కు అన్నప్పుడు ఒక అనుమానం వచ్చింది. అడుగుదామా అనుకునేలోపే, ప్రశ్నలో లేనిది చేర్చకండి అన్న మాట ముందుకొచ్చి నిలబడింది. ఒకడున్నడు అన్నాడు బాపు. నేను అన్నాడా? అనలేదు. ఏడాదిగా నేను అలవాటు చేసుకున్న పద్ధతి ఆ అనుమానాన్ని పక్కకు నెట్టింది. నెట్టడానికి పెద్ద కష్టం కూడా కాలేదు.

"బరాబర్ చెప్పినవ్" అన్నాడు బాపు. "మొదటి మాటల్నే చెప్పినవ్. ఫికర్ లేదు, ఈసారి పాసయితవ్." లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మర్నాడు సాయంత్రం ఆయన డెస్కు రిక్షాలో ఇంటికి వచ్చింది. చాప చుట్టి దాని మీద పెట్టి ఉంది. చెద పట్టింది, నూనె రాయాలి అన్నాడు బాపు. రాసే పని అమ్మ చేసింది, నా వైపు చూడకుండా. తర్వాత బాపు డెస్కును నా ముందు పెట్టి, పరీక్ష అయ్యేదాకా దీని మీద చదువుకో అన్నాడు. చదువుకున్నాను. మంచి డెస్కు. మోచేయి పెట్టుకునే చోట కర్ర నున్నగా గుంట పడి ఉంది. పొద్దున్నే బాపు ఎప్పటిలాగే అన్నం డబ్బా పట్టుకుని, కలం జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. కాకపోతే అంతకుముందు కన్నా గంట ముందు వెళ్ళేవాడు, గంట ఆలస్యంగా వచ్చేవాడు. చెప్పుల నిండా దుమ్ము ఉండేది. వరండాకు పోయే మనిషి చెప్పులకు అంత దుమ్ము ఎక్కడిదని నేను అడగలేదు. ప్రశ్నలు వేయడం మాత్రం ఆయన ఒక్కరోజు కూడా మానలేదు.

పరీక్ష గురించి చెప్పడానికి ఏమీ లేదు. ప్రశ్నలు చదివాను, ఒక్కొక్కదానికి మొదటి వాక్యంలో జవాబు రాశాను, కారణాలు రాశాను, ఆపాను. అందరికన్నా ముందు లేచి వచ్చేశాను. చుట్టూ ఉన్నవాళ్ళు అదనపు కాగితాలు అడుగుతున్నారు. వాళ్ళ వితంతువులకు ఎంతమంది పిల్లలు పుడుతున్నారో అనుకున్నాను. నవ్వు కూడా రాలేదు.

వానలు మొదలయ్యాక ఫలితాలు వచ్చాయి. ఈసారి కాగితంలో నా నంబరు ఉంది. పైనుంచి మూడోది. ఒకసారి చూస్తే సరిపోయింది. సంతోషం కోసం కాసేపు అక్కడే నిలబడ్డాను. అది రాకపోయేసరికి, బాపుకు చెబితే ఆయనను చూసైనా వస్తుందేమోనని కోర్టు దారి పట్టాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది కానీ సరిగ్గా అట్లాగే అనుకున్నాను.

వరండాలో అర్జీనవీసులు లేరు. వాళ్ళ చోట సైకిళ్ళు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. బంట్రోతును అడిగితే వెనక వైపు చెయ్యి చూపించాడు. కోర్టు వెనక గేటు పక్కన కొత్తగా వేసిన రేకుల షెడ్డు ఒకటి ఉంది. దాని కింద అయిదు చాపలు, అయిదు డెస్కులు. బాపు చాప లేదు. వాన నీళ్ళు రేకుల అంచునుంచి కారుతున్నాయి. చాచా కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు.

"క్యా మియా, పాస్ హోగయే?" అన్నాడు.

అయ్యానని తల ఊపాను. ఆయన లేచి నా తల మీద చెయ్యి పెట్టాడు. నేను బాపు ఎక్కడ అని అడిగాను. ఆ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "నీకు ఇంట్ల చెప్పలేదా?" అన్నాడు తెలుగులో.

కూర్చోబెట్టి చెప్పాడు చాచా. కొత్త హాకిం ముందు వరండా ఖాళీ చెయ్యమన్నది పరీక్షకు మూడు వారాల ముందే. ఆ రోజు ఆరుగురూ కూర్చుని, అర్జీ పెట్టుకుందాం అనుకున్నారు. ఎవరు రాయాలన్న ప్రశ్నే లేదు. బాపు ఆ రాత్రికి ఇంట్లో ఆలోచించుకుని మర్నాడు పొద్దున్న రాశాడు. గరీబ్ పర్వర్ సలామత్ అని మొదలుపెట్టి, ఆరుగురి వయసులు, ఆరుగురి ఇళ్ళు, ఎవరి కళ్ళకు పొర వచ్చిందో, ఎవరి చెయ్యి వణుకుతుందో, ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఎవరికీ ఆయుష్షు మిగిలిలేదని, అన్నీ రాశాడు. అడిగేది ఆఖర్న అడిగాడు. హాకిం ఆ అర్జీని ఒకరిచేత చదివించుకుని, మళ్ళీ ఇంకోసారి చదవమన్నాడట. వెనక గేటు దగ్గర రేకులు వేయించి, బతికినంతకాలం కూర్చోండి అన్నాడట.

"గసువంటి అర్జీ నా జిందగీల చూడలే" అన్నాడు చాచా. తర్వాత గొంతు తగ్గించి ఉర్దూలోకి పోయాడు. "దస్తఖత్ కరో బోలే తో నక్కో బోల్ దియే."

ఆరుగురి పేర్లూ రాసిన అర్జీ కింద అయిదుగురే సంతకం పెట్టారు. బాపు పెట్టనన్నాడు. తన పేరును తానే కొట్టేశాడు. ఎందుకని అడిగితే చెప్పాడట. "నా కొడుకు చట్టం చూసి చెప్పిండు, హక్కు లేదని. గది ఒప్పుకొని, మల్ల ఈడ దస్తఖత్ పెడితే పోరని జవాబు అబద్ధం చేసినట్టయితది. వాడు పరీక్షకు పోతుండు." అదే రోజు మధ్యాహ్నం రిక్షా పిలిపించుకుని డెస్కు ఎక్కించుకున్నాడు. కొన్ని రోజులు ఆగమని అందరూ బతిమిలాడారట. ఒక్క దినం కన్నా ఉండవద్దు, గడువు అంతే అన్నాడట.

చాంద్రాయణగుట్ట దారిలో ఒక కట్టెల దుకాణం ఉంది, అక్కడ వచ్చే బండ్లూ పోయే బండ్లూ రాసే పనికి కుదిరాడు, పొమ్మన్నాడు చాచా. వానలోనే నడిచాను. అప్పట్లో ఆ దారి ఊరు దాటాక పొలాలూ బండరాళ్ళూ. ఎండాకాలంలో అక్కడ ఎంత దుమ్ము ఉంటుందో అందరికీ తెలిసిందే.

దుకాణం ముందు తడిసిన కట్టెల మోపుల మధ్య, ఒక స్టూలు మీద కూర్చుని బాపు చిన్న చిన్న చీటీల మీద బండి నంబర్లు రాస్తున్నాడు. ఆయన చేతిరాతతో అక్కడ ఎవరికీ పని లేదు. నన్ను చూసి కలం మూత పెట్టాడు.

"ఏమయింది?"

"పాసయిన."

ఆయన ముఖం వెలిగింది. ఎంత వెలిగిందంటే, దుకాణం యజమాని కూడా తల తిప్పి చూశాడు. ఆ వెలుగు చూసినా నాలో ఏదీ రాలేదు, లేక వచ్చినా ఏమిటో నేను పోల్చుకోలేదు. "చాచా చెప్పిండు" అన్నాను. "నువ్వు గూడ దస్తఖత్ పెట్టేదుండె బాపు."

బాపు చీటీలు తడవకుండా పక్కకు సర్దాడు. కోపం లేదు. నన్ను ఓదార్చాలన్నట్టు, నేను చేసిన ఒక మంచి పనిని గుర్తు చేస్తున్నట్టు అన్నాడు. "నువ్వు బరాబర్ చెప్పినవ్ బిడ్డా. ఒక్క దినం చాలన్నవ్. చాలింది."

తర్వాత నేను వకీలునయ్యాను. చాలా ఏళ్ళు పని చేశాను. అట్లాంటి అనుమతి కేసులు నా చేతిమీదుగా ఎన్నో పోయాయి. లేచిపొమ్మన్న ప్రతి మనిషికీ నెల అడిగాను, ఆరు నెలలు అడిగాను, కొందరికి ఏడాది కూడా ఇప్పించాను. చట్టంలో ఉన్నది తగినంత గడువు అని మాత్రమే. ఒక్క దినం అన్న మాట ఏ పుస్తకంలోనూ లేదు, ప్రశ్నలోనూ లేదు. అది నేను చేర్చింది.